"విరేచనం మందే కదా, ఇచ్చేయ్" అంటున్నారు. ఆపడం నా తప్పా?

వంశధార_ఒడ్డు
శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా దగ్గర చేరిన ప్రతి రోగి కేస్ షీటులోనూ రాత్రి మందుల చివరి వరుసలో విరేచనం సాఫీగా కావడానికి ఒక సిరప్ రాసి ఉంటుంది. జ్వరంతో వచ్చినా అదే, తుంటి ఎముక విరిగి వచ్చినా అదే.

నిన్న రాత్రి డెబ్బై దాటిన ఒక పెద్దాయనకు ఆ మందు పోయడానికి వెళ్ళాను. పొట్ట ఉబ్బి, చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. సాయంత్రం నుంచి వాంతులవుతున్నాయని, పొద్దుటి నుంచి గాలి కూడా పోలేదని ఆయన కోడలు చెప్పింది. స్టెతస్కోపు పెట్టి వింటే పేగుల చప్పుడు దాదాపు లేదు. మూత తీసిన సీసాకు మళ్ళీ మూత పెట్టి, డ్యూటీ డాక్టరుకు ఫోను చేశాను. ఆయన ఐసీయూలో ఉండి వెంటనే రాలేకపోయారు. ఈలోగా మా సీనియర్ సిస్టర్ రోగుల ముందే నన్ను కడిగేశారు. "విరేచనం మందే కదా, ఇచ్చేయ్. అదేమైనా గుండె మందా? విరేచనం కాకే కదా పొట్ట ఉబ్బింది!" అన్నారు. నేను చేసింది తప్పా?

కేస్‌షీట్_కాపరి
రాసిన మందు ఇవ్వడం మన పని. ఏది ఇవ్వాలో ఏది ఆపాలో మనమే తేల్చుకుంటే ఇక డాక్టర్ల రౌండ్లు ఎందుకు? రేపు ఆ పెద్దాయనకు ఏమైనా అయితే "రాసిన మందు సిస్టర్ ఇవ్వలేదు" అన్న మాటే పైకి వస్తుంది. మీ సీనియర్ అన్నదాంట్లో నాకు తప్పు కనబడలేదు. రోగుల ముందు అనకుండా ఉండాల్సింది, అంతే.

రాత్రి_డ్యూటీ_డాక్టరు
పై మాటతో ఏకీభవించలేను. పొట్ట ఉబ్బు, వాంతులు, గాలి పోకపోవడం మూడూ కలిసి వచ్చాయంటే పేగుకు అడ్డు పడిందేమోనని మొదట అనుమానించాలి. కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు ఉన్నప్పుడు విరేచనం మందు ఏదీ వాడకూడదు. అడ్డుపడ్డ పేగులోకి నీటిని లాగే మందు పోస్తే ఉబ్బు పెరుగుతుంది. పేగును పిండే మందు పోస్తే చిల్లు పడవచ్చు. అపెండిసైటిస్ అయినా ఇదే భయం.

ఇక్కడ చూడవలసింది ఇంకొకటి ఉంది. ఆ సిస్టర్ మందు ఆపి ఊరుకోలేదు, ఆపి ఫోను చేశారు. చెప్పకుండా ఆపితే అది నిర్లక్ష్యం. చెప్పి ఆపితే అది నర్సింగ్. అర్ధరాత్రి ఇలాంటి ఫోను వస్తే నాకు చిరాకు వేస్తుంది, నిజమే. ఫోను రాకుండా తెల్లవారి ఆ పొట్ట చూడవలసి వస్తే ఇంకా ఎక్కువ చిరాకు వేస్తుంది.

జూటుమిల్లు_మనవడు
నేను నర్సును కాదు, మా తాత పుణ్యమా అని ఈ విషయంలో పండితుణ్ణి అయ్యాను. ఆయన మంచాన పడ్డాక మా ఇంటికి ఎవరు ఫోను చేసినా "తాత ఎలా ఉన్నారు" అని అడగడం మానేశారు. "ఈ రోజు అయిందా?" అని అడుగుతున్నారు. హైదరాబాదులో ఉన్న మా బాబాయి అయితే "నమస్కారం" కూడా అనడు.

పాతకాలం_హెడ్‌సిస్టర్
విజయనగరంలో వార్డులు చూసి రిటైరయ్యాను. వంశధార చెల్లెమ్మా, నువ్వు చేసింది సరైనదే. కాకపోతే అడగవలసిన రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ మందు ఆయనకు రాసినప్పుడు ఆఖరిసారి విరేచనం ఎప్పుడయిందో కేస్ షీటులో ఉందా? నాకు తెలిసి ఉండదు. జ్వరం పట్టీ ఉంటుంది, బీపీ పట్టీ ఉంటుంది, మూత్రం కొలత ఉంటుంది. విరేచనం గడిలో మాత్రం రోజూ ఒక అడ్డగీత. అడిగి గీసిన గీత కాదది, అడగకుండా గీసినది.

ఆ గడిలో "అయింది" అని రాసినా చాలదు. ఎలా అయిందో రాయాలి. బ్రిస్టల్ పట్టిక అని 1997 నుంచి వాడుకలో ఉంది. మలాన్ని ఏడు రకాలుగా చూపిస్తుంది. విడివిడి గట్టి ఉండల్లా ఉంటే ఒకటో రకం, పూర్తిగా నీళ్ళయితే ఏడోది. ఒకటి, రెండు అంటే మలబద్ధకం. రోజూ వెళ్తున్నా ఒకటో రకమే వస్తుంటే అదీ మలబద్ధకమే. మూడు రోజులకోసారి వెళ్ళి, మెత్తగా, ముక్కకుండా అయితే అది ఆ మనిషి అలవాటు కావచ్చు. దానికి మందు అక్కరలేదు. రోగికి బొమ్మ చూపించి వేలు పెట్టమంటే సిగ్గుపడేవాళ్ళు కూడా చెప్పేస్తారు.

ఇంకో సంగతి. మా ఆడవాళ్ళ ఆర్థో వార్డులో కాళ్ళకు బరువులు కట్టి పడుకోబెట్టినవాళ్ళు సగం అన్నం పక్కన పెట్టేసేవారు. ఎందుకమ్మా అంటే మాట్లాడరు. పక్క మంచం రోగి కొడుకు ఎదురుగా కూర్చుని ఉంటే బెడ్ ప్యాన్ ఎలా అడుగుతారు? తింటే వెళ్ళవలసి వస్తుందని తినడం మానేశారు. చుట్టూ తెర లాగి, మగవాళ్ళను బయటికి పంపి, పొద్దున్న టీ, టిఫిను అయిన అరగంటలోపు ప్యాన్ పెడితే సగం మందికి సిరప్పు అవసరమే పడలేదు. తిన్న తరువాత పెద్దపేగు సహజంగానే కదులుతుంది. ఆ సమయం పోగొట్టి రాత్రి పదింటికి మందు పోయడం మనకు అలవాటైపోయింది.

కేస్‌షీట్_కాపరి
అక్కా, మీ రోజులు వేరు. మాకు రాత్రిపూట నలభై పడకలకు ఇద్దరం. ఒక్కొక్కరి పొట్ట మీద చెయ్యి వేసి, బొమ్మల పట్టిక చూపించి, తెరలు కట్టే తీరిక ఎక్కడుంది? డాక్టరు గారు చెప్పింది మాత్రం ఒప్పుకోదగ్గదే. ఆపి చెప్పడం వేరు, ఆపి ఊరుకోవడం వేరు.

పాతకాలం_హెడ్‌సిస్టర్
నలభై మందికీ వద్దు నాయనా. ఆ సిరప్పు పోయబోయేవాళ్ళను అడుగు. మందు ట్రాలీ ఎలాగూ ఆగుతుంది కదా. ఎప్పుడయింది, వాంతి ఉందా, కడుపు నొప్పి ఉందా? ఈ మూడు మాటలకు ఎంతసేపు పడుతుంది?

వంశధార_ఒడ్డు
అందరికీ కృతజ్ఞతలు. కొత్త కబురు చెబుతాను. తెల్లవారుజామున ఎక్స్‌రే తీశారు. పేగుల్లో గాలి, నీటి మట్టాలు కనబడ్డాయి, పేగుకు అడ్డు పడిందనడానికి గుర్తులవి. ముక్కులో గొట్టం వేసి, సర్జన్ చూసి, విశాఖపట్నం పంపించారు. మా సీనియర్ ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. హెడ్‌సిస్టర్ గారు అడిగిన గడి చూశాను. చేరిన రోజు నుంచీ అడ్డగీతలే.

ఇప్పుడు నా సందేహం అది కాదు. అందరికీ ఒకే సిరప్ ఎందుకు రాస్తారు? వీటిలో తేడాలు ఎవరైనా మామూలు మాటల్లో చెబుతారా? చదువుకున్నప్పుడు పేర్లు బట్టీ పట్టాం, అంతే.

బొబ్బిలి_మందుల_కొట్టు
మా కొట్టుకు వచ్చేవాళ్ళు "విరేచనం మందు ఇవ్వండి" అంటారు. ఆ ఒక్క పేరు కింద నాలుగు రకాల పని జరుగుతుంది.

మలాన్ని మెత్తబరిచేవి ఒక రకం. డోక్యుసేట్ అలాంటిది. జిడ్డు గిన్నె మీద సబ్బు చేసే పనే అది మలం మీద చేస్తుంది, నీరు లోపలికి ఇంకేలా చూస్తుంది. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. రాత్రి ఇచ్చి పొద్దున్న "ఇంకా కాలేదు" అని రెండో మోతాదు ఇస్తే అర్థం లేదు. నిండు గ్లాసు నీళ్ళతో ఇవ్వాలి. ద్రవరూపం చేదు, పాలలోనో పండ్లరసంలోనో కలిపి ఇవ్వవచ్చు. ఇది పేగును కదిలించదు. కాబట్టి నాలుగు రోజులుగా బిగిసి ఉన్నవాళ్ళకు ఒక్క దీనితో పని జరగదు. ముక్కకూడదనుకున్నవాళ్ళకు, అంటే గుండెపోటు వచ్చినవాళ్ళకు, మొలల ఆపరేషన్ అయినవాళ్ళకు, ముందుజాగ్రత్తగా రాస్తారు.

లాక్టులోజ్, పాలీఇథిలిన్ గ్లైకాల్, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పేగులోకి నీటిని లాగేవి. లాక్టులోజ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదట్లో గ్యాసు, ఉబ్బరం తెస్తుంది. బిసాకోడిల్, సెన్నా పేగును పిండేవి. రాత్రి వేస్తే పొద్దుటికి, అంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లో పని చేస్తాయి. మన పెద్దవాళ్ళు కషాయం పెట్టే సునాముఖి ఆకే ఈ సెన్నా. ఇసబ్‌గోల్ పీచు రకం, ఉబ్బి మలానికి పరిమాణం ఇస్తుంది.

ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే తెల్లటి చిక్కటి సిరప్పుల్లో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లిక్విడ్ పారాఫిన్ అనే నూనె కలిసి ఉంటాయి. కొన్నింట్లో పేగును పిండే సోడియం పికోసల్ఫేట్ కూడా ఉంటుంది. వార్డులో అందరికీ రాస్తున్నది బహుశా అదే. డోక్యుసేట్ వాడుతున్నవాళ్ళకు లిక్విడ్ పారాఫిన్ ఇవ్వకూడదు, ఆ నూనె ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది.

రాత్రి_డ్యూటీ_డాక్టరు
పై పోస్టుకు ఒక చేర్పు. డోక్యుసేట్ మీద ఉన్నంత నమ్మకానికి తగిన ఆధారం లేదు. కెనడాలో హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే చోటు) రోగులకు సెన్నాతో పాటు డోక్యుసేట్ కలిపి ఇచ్చి, ఉత్తుత్తి మాత్ర కలిపి ఇచ్చినవాళ్ళతో పోల్చి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు. మార్ఫిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందుల మీద ఉన్నవాళ్ళకు ఒట్టి మెత్తబరిచే మందు రాసి ఊరుకోకూడదు. ఆ మందులు పేగునే నిద్రపుచ్చుతాయి. వాళ్ళకు పేగును కదిలించేది కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. తుంటి విరిగి వచ్చినవాళ్ళ కేస్ షీటులో నొప్పి ఇంజెక్షన్ చూసి, ఇది లేకపోతే నర్సు గుర్తు చేయాలి. గుర్తు చేస్తే నేను నొచ్చుకోను.

చోడి_అంబలి
ఇన్ని రసాయనాలు ఎందుకో నాకు అర్థం కాదు. మా రాజాం వైపు పెద్దవాళ్ళకు చోడి (రాగి) అంబలి, ఆకుకూర, పడుకోబోయే ముందు అరటిపండు, వేసవిలో కొబ్బరినీళ్ళు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు. దాంతో కాకపోతే ఇసబ్‌గోల్. మలబద్ధకం అన్న మాటే వినలేదు. నర్సులు మందు పోసే బదులు ఈ నాలుగు మాటలు చెబితే చాలు.

ఉద్దానం_డయాలసిస్
పై పోస్టు చదివాక చేస్తున్న పని ఆపి రాస్తున్నాను. ఈ నాలుగు మాటలే మా రోగులను ఎమర్జెన్సీకి తెస్తున్నాయి.

నేను డయాలసిస్ యూనిట్‌లో నర్సును. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస నుంచి వచ్చేవాళ్ళు మా రోగులు. మన జిల్లాలో ఏ వార్డులో ఎవరు చేరినా మొదట అనుకోవలసింది మూత్రపిండాల గురించే. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకు వస్తోందో కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, మనుషులకు మాత్రం వస్తూనే ఉంది. జ్వరమనో కాలు విరిగిందనో చేరినవాళ్ళలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో ఇంకా ఎవరూ చూడనివాళ్ళు ఉంటారు.

మా వాళ్ళకు మలబద్ధకం చాలా ఎక్కువ. కారణాలు తెలిసినవే. నీళ్ళకు కొలత ఉంటుంది, పండ్లకు హద్దు ఉంటుంది, ఫాస్ఫరస్‌ను పట్టడానికి అన్నంతో వేసుకునే మాత్రలు, ఐరన్ మాత్రలు బిగిస్తాయి. వారానికి మూడు పూటలు గంటల తరబడి కుర్చీలో కూర్చోవాలి. మధ్యలో విరేచనానికి లేవలేమని ముందు రోజు నుంచే బిగబట్టుకుంటారు.

అలాంటివాళ్ళకు "మూడు లీటర్లు తాగు" అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూత్రం ఎంత వస్తుందో దానికి అరలీటరు కలిపి, రోజుకు అంతే తాగమని చెబుతాం. అరటిపండు, కొబ్బరినీళ్ళు అంటే పొటాషియం. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఇసబ్‌గోల్ తగినన్ని నీళ్ళు లేకుండా మింగితే గొంతులోనో పేగులోనో గడ్డకట్టి కూర్చుంటుంది. అంబలి గ్లాసు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుంది, చోళ్ళలో ఫాస్ఫరస్ ఉండనే ఉంది.

ఇక ఆ తెల్లటి సిరప్పు. మెగ్నీషియం బయటికి పోవలసింది మూత్రపిండాల ద్వారానే. అవి పని చేయకపోతే ఒంట్లోనే పేరుకుంటుంది. మత్తుగా పడుకోవడం, బీపీ పడిపోవడం, ఊపిరి నెమ్మదించడం దాని గుర్తులు. ఫాస్ఫేట్ ఎనిమా కూడా ఇలాంటిదే. మలద్వారం నుంచి ఇచ్చేదే కదా అనుకుంటారు, కానీ ఫాస్ఫేట్ రక్తంలోకి ఎక్కుతుంది. సోడియం ఫాస్ఫేట్ మందులు ఒక రోజులో ఒక మోతాదుకు మించి వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. మా వాళ్ళకు ఆ ఒక్కటి కూడా ఇవ్వం.

అలాగని వదిలేయనూ కూడదు. మూత్రపిండాలు పోయినవాళ్ళలో పొటాషియం కొంత మలం ద్వారా బయటికి పోతుంది. విరేచనం ఆగితే ఆ దారీ మూసుకుంటుంది. పొట్టలో గొట్టంతో ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవాళ్ళకు మలం నిండితే గొట్టం పక్కకు జరిగి నీరు సరిగా వెనక్కి రాదు. మా దగ్గర ఎక్కువగా రాసేది లాక్టులోజ్.

కవిటి_కొబ్బరితోట
మా నాన్నకు డయాలసిస్ మొదలై కొంతకాలమైంది. పైన రాసిందంతా మా ఇంట్లో జరిగినదే. తోట నిండా కొబ్బరిచెట్లు, ఆయన ఒక్క బోండాం తాగకూడదు. ఆ బాధ వేరు. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ "కడుపు బిగిసిందా? రెండు బోండాలు కొట్టించు" అంటాడు. వద్దంటే నేను పిసినారినన్నట్టు చూస్తారు. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు పక్కింటివాళ్ళు కొట్టు నుంచి ఆ తెల్ల సిరప్పు తెచ్చి పోశారు, అదీ వరసగా. తరువాత డయాలసిస్‌కు తీసుకెళ్తే మనిషి మత్తులో ఉన్నాడు. అక్కడి సిస్టరే ఏం మందు వేశారని అడిగి పట్టుకుంది. మందుల చీటీలో లేదు కాబట్టి మేము చెప్పాలని కూడా అనుకోలేదు. అది మందని ఎవరు అనుకుంటారు?

కాన్పుల_వార్డు
ఉద్దానం సిస్టర్ చెప్పింది మా వార్డువాళ్ళకు వెంటనే ఎక్కుతుంది. గుర్రపువాతం (ఫిట్స్) వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చేటప్పుడు ప్రతి మోతాదుకు ముందు మోకాలి మీద కొట్టి చూస్తాం, ఊపిరి లెక్కపెడతాం, మూత్రం సంచి చూస్తాం. ఒకటి తగ్గినా సూది ఆపి డాక్టరును పిలుస్తాం. విరుగుడుగా పక్కనే కాల్షియం గ్లూకోనేట్ పెట్టుకుంటాం. అదే మెగ్నీషియం సిరప్పు సీసాలో ఉంటే మూత్రం సంగతి ఎవరూ అడగరు. నోటి ద్వారా ఇచ్చేది నెమ్మదిగా, తక్కువగా ఎక్కుతుంది, నిజమే. మూత్రపిండాలు పోయినవాళ్ళకు ఆ తేడా ఎన్నాళ్ళు కాపాడుతుంది?

బొబ్బిలి_మందుల_కొట్టు
కవిటి సోదరా, కొట్టువాళ్ళ తరఫున ఒక మాట. అడిగేవాళ్ళమూ ఉన్నాం. నేను "ఎవరికి, వయసెంత, కిడ్నీ జబ్బుందా" అని అడిగితే "మందు ఇస్తావా, పక్క కొట్టుకు పొమ్మంటావా" అన్నవాళ్ళు ఉన్నారు. పది మందిని అడిగితే ఇద్దరు జవాబు చెబుతారు.

కవిటి_కొబ్బరితోట
ఆ ఇద్దరి కోసమైనా అడుగుతూ ఉండండి అన్నా.

చోడి_అంబలి
ఉద్దానం సిస్టర్ చెప్పింది కాదనను. అది జబ్బు ఉన్నవాళ్ళ సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు నేను చెప్పిందే సరైనది, అందులో వెనక్కి తగ్గను. సంక్రాంతి ముందు తేగలు తిన్నవాడికి సిరప్పు ఎందుకు?

ఉద్దానం_డయాలసిస్
ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వార్డులో ఎందుకు ఉంటారండీ? ఇక్కడ అడిగింది రోగుల గురించే కదా. పండ్ల విషయానికి వస్తే మా వాళ్ళకు ఆపిల్, అనాస ముక్కలు కొలతగా చెబుతాం. సీతంపేట అనాస వచ్చే రోజుల్లో అడ్డు చెప్పడమే కష్టం.

జూటుమిల్లు_మనవడు
ఈసారి జోకు కాదు. మా తాతకు పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మింగేటప్పుడు దగ్గుతాడు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు రాసిన సిరప్పులో లిక్విడ్ పారాఫిన్ ఉంది. రాత్రి పడుకోబెట్టాక పోస్తున్నాం. పైన చదువుతుంటే అనుమానం వచ్చింది. ఇది పరవాలేదా?

పాతకాలం_హెడ్‌సిస్టర్
పరవాలేదు కాదు నాయనా. ఈ రాత్రి పోయవద్దు, పొద్దున్నే రాసిన డాక్టరుకు ఫోను చెయ్యి. పారాఫిన్ అంటే నూనె. నీళ్ళు తప్పుదారిన పోతే పొలమారుతుంది, దగ్గు వస్తుంది, తెలుస్తుంది. నూనె దగ్గు కూడా రానివ్వకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అక్కడ చేరి న్యుమోనియా తెస్తుంది, అదీ తొందరగా పోని రకం. మింగడం కష్టమైనవాళ్ళకు, మంచాన పడ్డవాళ్ళకు, చిన్నపిల్లలకు ఇది వద్దు. మిగతావాళ్ళకైనా పడుకోబోయే ముందు పోయకూడదు. వార్డుల్లో రాత్రి మందులతో కలిపి పోయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, నా మాట చెల్లినచోట మానిపించాను.

ఆయన రక్తం పలచబడే మందు వాడుతున్నారా? పక్షవాతం అంటున్నావు కాబట్టి అడుగుతున్నాను. పారాఫిన్ ఎక్కువ రోజులు వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. కె తగ్గితే వార్ఫరిన్ వాడేవాళ్ళకు రక్తస్రావం భయం. ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పు.

ఏ మందు పోసినా తల, వీపు ఎత్తి కూర్చోబెట్టి పోయి. మింగిన తరువాత అరగంట అలాగే ఉంచు.

జూటుమిల్లు_మనవడు
వార్ఫరిన్ కాదు, ఆస్పిరిన్ రాశారు. పొద్దున్నే ఫోను చేస్తాను అమ్మా. సీసా ఇప్పుడే అలమారాలో పై అరలో పెట్టేశాను, మా నానమ్మకు అందకుండా. ఎనిమిదింటికి తాతకు మందు పడకపోతే నిద్ర పట్టదు. ఆయనకు కాదు, ఆమెకు!

సాలూరు_ఏఎన్ఎం
మా కొండ ఊళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. గర్భిణులకు ఐరన్ మాత్ర ఇస్తాం. 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసినది, నాలుగో నెల నుంచి రోజుకొకటి, కాన్పు తరువాత కూడా 180 రోజులు. మాత్ర వేసుకున్న వారానికే "బిగిసిపోతోంది, నల్లగా వస్తోంది" అని డబ్బా మూలన పడేస్తారు. నల్లగా రావడం ఐరన్ వల్లేనని, భయం లేదని మాత్ర ఇచ్చే రోజే చెప్పాలి. తరువాత చెబితే నమ్మరు. బిగింపుకు అయితే ఆకుకూర, నీళ్ళు, నడక మొదలు పెట్టిస్తాం. వీళ్ళకు చోడి అంబలి గారి సలహా భేషుగ్గా పనికొస్తుంది. అప్పటికీ తగ్గకపోతే పీహెచ్‌సీ డాక్టరును అడిగి లాక్టులోజ్.

అసలు తలనొప్పి ఆముదం. నెలలు నిండాయి, కడుపు శుభ్రమవుతుందని అత్తగారు ఒక చెంచా పోస్తారు. ఆముదం పేగుతో ఆగదు, గర్భసంచిని కూడా పిండించగలదు. నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట కోడలికి కాదు, అత్తగారికే చెబుతాను.

కాన్పుల_వార్డు
అదీ పద్ధతి. కాన్పులో కుట్లు పడ్డవాళ్ళను కూడా మరచిపోవద్దు. కుట్లు తెగుతాయన్న భయంతో రోజుల తరబడి బిగబట్టుకుంటారు. వాళ్ళకు మెత్తబరిచే మందు మొదటి రోజే ఇవ్వడం న్యాయం. తెగవని నోటితో చెప్పడం కూడా అంతే ముఖ్యం.

కేస్‌షీట్_కాపరి
ఇంత చదివాక నేను ఒక నియమం పెట్టుకున్నాను. రోజుకు రెండు మూడుసార్లు పలచగా అవుతుంటే ఆ పూట సిరప్పు ఆపి, రాసి, డాక్టరుకు చెప్పడం. సరిపోతుందా?

రాత్రి_డ్యూటీ_డాక్టరు
చాలామందికి సరిపోతుంది. పలచగా అవుతున్నా పోస్తూ పోతే నీరు, పొటాషియం పడిపోతాయి. డిగాక్సిన్ వాడే గుండె రోగికి ఆ పడిపోవడం ప్రమాదం.

కానీ కాలేయం చెడి, మత్తులో, తికమకలో ఉన్న రోగికి లాక్టులోజ్ రాస్తే ఆ నియమం వర్తించదు. అక్కడ అది మలబద్ధకానికి కాదు, ఒంట్లో అమోనియా తగ్గించడానికి. రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు కావాలనే మోతాదు పెంచుతూ పోతాం. "మూడుసార్లు అయింది కదా" అని మీరు ఆపితే మర్నాటికి మనిషి మళ్ళీ తికమకలో పడతాడు. అంతకు మించి నీళ్ళలా అవుతుంటే అప్పుడు పిలవండి. మందు ఎందుకు రాశారో తెలియకుండా ఆపే నియమం పెట్టుకోవద్దు.

పాతకాలం_హెడ్‌సిస్టర్
ఇంకో చోట కూడా ఆ నియమం బోల్తా కొడుతుంది. మంచాన ఉన్న ముసలివాళ్ళకు "విరేచనాలు పట్టుకున్నాయి, కొంచెం కొంచెం కారుతూనే ఉంది" అని అటెండెంట్లు చెబుతారు. సిరప్పు ఆపేస్తారు, విరేచనాలు కట్టే మాత్ర కూడా వేసేస్తారు. లోపల చూస్తే మలం రాయిలా బిగిసి ఉంటుంది, దాని పక్క నుంచి పలచనిది కారుతోంది. అందుకే కొద్దికొద్దిగా కారుతోందంటే ముందు పొట్ట తడిమి, డాక్టరుకు చెప్పి, గ్లవ్ వేసుకుని చూడాలి. వేలితో తీయవలసి వస్తే జెల్లీ బాగా రాసి, నెమ్మదిగా, రెండో మనిషి నాడి పట్టుకుని ఉండాలి. అక్కడ తాకిడికి గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టరు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

కేస్‌షీట్_కాపరి
నియమం వెనక్కి తీసుకుంటున్నాను. అడిగి, చూసి, చెప్పడమే మిగిలింది.

వంశధార_ఒడ్డు
ముక్కు గొట్టం ఉన్న రోగులకు బిసాకోడిల్ మాత్ర నూరి ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?

బొబ్బిలి_మందుల_కొట్టు
వద్దు. ఆ మాత్రకు పై పూత ఉన్నది కడుపులో కరగకుండా పేగు దాకా వెళ్ళడానికే. నూరితే కడుపులోనే మంట, తిమ్మిరి మొదలవుతాయి. ఇదే కారణంగా పాలతో, ఎసిడిటీ మందుతో కూడా గంట ఎడం ఉండాలి. డాక్టరును అడిగి సపోజిటరీకి (మలద్వారంలో పెట్టే బిళ్ళ) మార్పించండి, పావుగంట నుంచి గంటలోపు పని చేస్తుంది. బెడ్ ప్యాన్ సిద్ధం చేసుకునే పెట్టండి. గొట్టంలోంచి లాక్టులోజ్ అయితే ఇవ్వవచ్చు, ముందూ వెనకా నీళ్ళతో కడగాలి. ఇసబ్‌గోల్ గొట్టంలో పోశారంటే గొట్టం మార్చుకోవలసిందే.

జూటుమిల్లు_మనవడు
డాక్టరుతో మాట్లాడాను, సిరప్పు మార్చి లాక్టులోజ్ రాశారు. దాని తియ్యదనం గురించి ఎవరూ హెచ్చరించలేదేమిటి? సీసా మెడ చుట్టూ జిగట, మూత కింద చీమల బారు. కొలిచే మూతలో కూడా రెండు తేలుతున్నాయి. తాతకు షుగరు కూడా ఉంది, ఇది పోయవచ్చా?

బొబ్బిలి_మందుల_కొట్టు
సీసా నోరు తడిగుడ్డతో తుడిచి, నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టండి. లాక్టులోజ్ చాలావరకు ఒంటికి ఎక్కదు. కానీ అందులో కొద్దిగా వేరే చక్కెరలు ఉంటాయి. మలబద్ధకం మోతాదుకు పెద్దగా తేడా రాదు, అయినా షుగరు ఉన్నట్టు డాక్టరుకు చెప్పి, కొన్నాళ్ళు పరీక్ష చేసుకుంటూ ఉండండి.

కవిటి_కొబ్బరితోట
ఉద్దానం సిస్టర్ గారూ, లాక్టులోజ్‌తో నాన్నకు ఉబ్బరం ఎక్కువగా ఉందని ఈ వారం పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి రాశారు. 17 గ్రాములు గ్లాసు నీళ్ళలో కలపమని ఉంది. ఆయనకు రోజుకు లీటరు లోపే నీళ్ళు. ఆ గ్లాసు మందు కిందకు వస్తుందా, నీళ్ళ కిందకు వస్తుందా?

ఉద్దానం_డయాలసిస్
నీళ్ళ కిందకే. గ్లాసంటే దాదాపు 240 మిల్లీలీటర్లు, ఆయన రోజు కోటాలో నాలుగో వంతు. ఆ మేరకు మిగతా నీళ్ళు తగ్గించండి, మాత్రలు ఆ గ్లాసుతోనే మింగవచ్చేమో రాసిన డాక్టరును అడగండి. ఫాస్ఫరస్ మాత్ర మాత్రం అన్నంతోనే వేయండి. పొడి కొనేటప్పుడు ప్యాకెట్టు చూడండి, లవణాలు కలిపిన రకం కూడా దొరుకుతుంది, అందులో పొటాషియం ఉంటుంది. రాసింది ఏదో చీటీ తీసుకుని రేపటి షిఫ్టుకు రండి, నేను చూస్తాను.